గీతల గుడ్డ

పండగ దీపాలు దించేశాక,
రైఫిళ్ల వాళ్లంతా మాంసం ఫ్రీజర్లలో సర్దుకుని
టీవీల ముందుకు చేరాక,
పెన్సిల్వేనియా కొండల్లో మా రోజులొస్తాయి,
చెకుముకి తుపాకుల వాళ్లకి.
అప్పటిదాకా మిగిలిన జింకలు
బాగా చదువుకున్నవి.

మేనల్లుడు గ్యారెట్ నవ్వుతాడు:
"వెర్నా అత్తా, మూడొందల గజాల నుంచి
దాని కనురెప్పలు లెక్కపెట్టగలను నేను."
లెక్కపెట్టు నాయనా.
నాకు యాభై అడుగులే కావాలి,
అది ఊపిరి వదిలితే ఆవిరి కనిపించేంత దూరం,
నేను వదిలితే దానికి వినిపించేంత దగ్గర.

చీకటితోనే లేచి వంటింటి బల్ల మీద అన్నీ పరుస్తాను.
కొమ్ములో మందు.
రాయికి గోరంత అంచు మిగిలింది, ఈ ఏటికి చాలు.
సీసపు గుళ్లు నేనే పోశాను, కిటికీలు తెరిచి, పాత ఇనప గరిటెతో.
ఇక గుడ్డ.
ఎల్‌వుడ్ పోయాక మా పరుపు విప్పదీశాను.
నీలం గీతల గుడ్డ.
ముప్ఫై ఒక్కేళ్లు ఇద్దరి బరువూ మోసి
నేత ఇంకా బిగిసిందనిపించింది.
పారెయ్యవే అంది చెల్లెలు ఆర్ఫా.
సీసా మూతంత ముక్కలుగా కత్తిరించి
మైనం, గొర్రె కొవ్వు కలిపి రాశాను.
గుండుకి అది దుప్పటి.
చలికని కాదు,
గొట్టంలో వదులు లేకుండా.

బయట తడి మంచు. మందుకి తడంటే చావు.
తాళం మీద కొవ్వు పట్టించిన తోలు చుడతాం,
ఆవు మోకాలంటారు దాన్ని ఇక్కడ,
ఎందుకో నాకెవరూ చెప్పలేదు.
హెమ్లాక్ చెట్టుకి వీపానించి కూర్చున్నాను.
గంటకోసారి పళ్లెంలో పాత మందు ఊదేసి
కొత్తది చిటికెడు,
కూరలో ఉప్పేసినట్టు, చేతి కొలత.
ఇదే నాకిష్టం, నిజం చెప్పాలంటే.
ఈ తుపాకి అడుగుతూనే ఉంటుంది, ఉన్నావా అని.
ఉన్నాను.

నిరుడు పళ్లెంలో భుస్సుమని ఊరుకుంది.
ఆడజింక తల తిప్పి చూసింది,
చర్చిలో దగ్గినవాళ్లని చూసినట్టు.
పరిగెత్తనైనా లేదు. నడిచి వెళ్లింది.

ఇవాళ మూడున్నరకి
లారెల్ పొదల్లోంచి ముందు ఒక చెవి వచ్చింది,
తర్వాత జింక.
తోలు విప్పాను. కొక్కెం వెనక్కి లాగాను.
ఆ టక్కు లోయంతా విన్నదనుకున్నాను.
దానికి మాత్రం వినపడలేదు.
మీట నొక్కాను.

ఇక్కడొక జాగా ఉంది.
రాయి ఉక్కుని గీకుతుంది, రవ్వ రాలుతుంది,
పళ్లెం అంటుకుంటుంది,
సూది బెజ్జంలోంచి నిప్పు లోపలికి దూరుతుంది.
మెరుపుకీ ఉరుముకీ మధ్య
మనిషి చేయగలిగిందేమీ లేదు,
కదలకుండా ఉండడం తప్ప.
కళ్లు మూసుకోబుద్ధవుతుంది.
మొహం పక్కకి తిప్పుకోబుద్ధవుతుంది.
ఆస్పత్రిలో ఆ రాత్రి నేను కాఫీకని బయటికెళ్లాను.
అప్పుడే.
ఈ జాగాలో నిలబడడం
ఏడు శీతాకాలాలుగా నేర్చుకుంటున్నాను.

పేలింది.

కుళ్లిన గుడ్డు వాసన, తెల్లటి గోడ.
అవతల పడిందో, పోయిందో.
గ్యారెట్ అయితే పరిగెత్తేవాడు.
నేను ముందు గుడ్డ వెతుకుతాను.
గుండు ఎలా వెళ్లిందో దానికే తెలుసు,
చిరిగితే దారి తప్పినట్టు.
పది అడుగుల్లో, మంచులో సగం దిగి,
దొరికింది.
అంచు చుట్టూ మాడి, సన్నగా పొగ విడుస్తూ.
నడుమ, గుండు కూర్చున్న చోట,
రెండు నీలం గీతలు. చెక్కుచెదరలేదు.
చేతి తొడుగు తీసి అందుకున్నాను.
వెచ్చగా ఉంది.
కాసేపు పట్టుకునే ఉన్నాను, అవసరం లేకపోయినా.

పొగ ఇంకా పూర్తిగా విడలేదు.
మళ్లీ మందు పోశాను, ఇంకో ముక్క, ఇంకో గుండు,
కడ్డీతో అడుగుదాకా దించి,
వంగి, మంచు మీద ఎర్రచుక్క కోసం చూస్తూ
ఒకటి, రెండు, మూడు,
అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను.